ఫలితమునకు ముందు పదునాలుగు దినములు
(పంచాయతీ సభ్యులకు ఆరోగ్య పాఠము)

కృష్ణా డెల్టా రైతునకు నిరీక్షణ క్రొత్త కాదు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో వరి కోతకు రెండు మూడు దినములు ముందుగా, పైరు నిలిచియుండగనే, మినుము చల్లుట మనకు తరతరాల అలవాటు. మాగాణిలో మిగిలిన పదునే ఆధారముగా గింజ మొలకెత్తును. పనలు తీసిన పిమ్మట గాని చేను పచ్చబడినదో లేదో తెలియదు. ఈ నడుమ రైతు గింజను త్రవ్వి చూడడు. గట్టుపై నిలిచి ఒకసారి చూచి ఇంటికి వచ్చును. మొలక పలుచబడినచో విత్తనము మంచిది కాదనియో, పదును చాలలేదనియో అనుకొనును గాని, గంప మోసిన మనిషిని నిందింపడు.

ఇంతటి ఓర్పు గల మన పల్లెలు ఒక్క విషయమున మాత్రము ఆ ఓర్పును మరచుచున్నవి. సంతానము కొరకు ఐ.వి.ఎఫ్. చికిత్స పొంది, ఫలితము కొరకు ఎదురుచూచుచున్న ఇల్లాలిని ఊరు ఊరకుండనీయదు. ఫలితము రానిచో ఆమె నడకను, నవ్వును, తిండిని తప్పుపట్టును. ఆ దినములలో శరీరమునందు ఏమి జరుగుచున్నదో, ఇంటివారును ఊరివారును ఎట్లు మెలగవలెనో పంచాయతీ సభ్యులకు తెలుపుటయే మా ఉద్దేశము. స్త్రీని చేనితో పోల్చుట మా తలంపు కాదు. రైతునకున్న ఓర్పును మాత్రమే ఉదాహరణముగా గైకొన్నాము.

ఇది పంచాయతీకి సంబంధింపని విషయమని కొందరు తలపవచ్చును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023వ సంవత్సరమున ప్రకటించిన లెక్క ననుసరించి, వయోజనులలో ఆరుగురిలో ఒకరు జీవితమున ఏదో ఒక దశలో సంతానలేమిని అనుభవించుచున్నారు. అనగా ఇది ఒకరిద్దరి ఇండ్ల మాట కాదు. ప్రతి గ్రామమున ఈ కష్టము నెరిగిన కుటుంబములు పెక్కు ఉండును. చెప్పుకొనలేకపోవుటచేత మనకు కనబడుట లేదు.

చికిత్స యెట్లు జరుగును?

సాధారణముగా స్త్రీకి నెలకు ఒక అండము పక్వమగును. ఐ.వి.ఎఫ్. చికిత్సలో సుమారు పది పండ్రెండు దినములు సూదిమందు లిచ్చి, ఒకేసారి పెక్కు అండములు పక్వమగునట్లు చేయుదురు. పిదప మత్తు ఇచ్చి సన్నని సూదితో వానిని వెలుపలికి తీసి, ప్రయోగశాలలో శుక్రకణములతో కలుపుదురు. అట్లేర్పడిన పిండము మూడవ దినమునకు సుమారు ఎనిమిది కణములుగాను, ఐదవ దినమునకు నూరు కణములకు అటు ఇటుగాను పెరుగును. దానిని మెత్తని సన్నపు గొట్టముతో గర్భాశయమునకు చేర్చుట చివరి ఘట్టము. ఇది కొలది నిమిషముల పని. మిగిలిన పిండములను ద్రవ నైట్రోజనునందు, సున్నకు దిగువ 196 డిగ్రీల చలిలో భద్రపరచి, మరియొక నెలలో వాడుకొనవచ్చును.

ఈ విధముగా జన్మించిన మొదటి శిశువు 1978 జూలై 25న ఇంగ్లండులోని ఓల్డ్‌హామ్ పట్టణమున పుట్టినది. రాబర్ట్ ఎడ్వర్డ్స్, పాట్రిక్ స్టెప్టో, జీన్ పర్డీ అను మువ్వురి కృషికి అది ఫలము. ఎడ్వర్డ్స్‌కు 2010లో నోబెల్ బహుమానము లభించినది.

మన దేశపు చరిత్ర ఇంకను తెలిసికొనదగినది. అదే యేడు అక్టోబరు 3న కలకత్తాలో డాక్టరు సుభాష్ ముఖర్జీ కృషివలన ఒక ఆడుశిశువు పుట్టినది. ఆయన పిండమును శీతలీకరించి భద్రపరచి, తరువాతి ఋతుచక్రమున గర్భాశయమునకు చేర్చెను. నాటి ప్రభుత్వము నియమించిన పరిశీలక సంఘము ఆయన మాట నమ్మలేదు. అవమానముల నడుమ ఆయన 1981 జూన్ 19న తన ప్రాణమును తానే తీసికొనెను. 1986 ఆగస్టు 6న బొంబాయిలో డాక్టరు ఇందిరా హిందూజా, శాస్త్రజ్ఞుడు టి.సి. ఆనందకుమార్‌ల కృషివలన జన్మించిన శిశువును దేశమున మొదటిదిగా ఎంచిరి. కాని ఆ ఆనందకుమారే ముఖర్జీ వ్రాతప్రతులను పరిశీలించి, మొదటి గౌరవము ముఖర్జీకే చెందవలెనని 1997లో ప్రకటించెను. నేడు పిండములను శీతలీకరించి తరువాత వాడు పద్ధతి ప్రపంచమంతట సామాన్యమైనది. పూర్తిగా తెలియకమునుపే పెద్దలు తీర్పు చెప్పుటవలన ఎంతటి నష్టము కలుగునో ఈ చరిత్ర చెప్పుచున్నది. ఆ మాట మనకు ముందు పనికివచ్చును.

ఆ దినములలో లోపల జరుగునది

ఐదు దినముల పిండమును గర్భాశయమునకు చేర్చిన తరువాత ఒకటి రెండు దినములలో అది తన పలుచని పొరనుండి వెలువడును. పిదప గర్భాశయపు లోపలి పొరను అంటుకొని, క్రమముగా దానిలోనికి చొచ్చుకొనిపోవును. అట్లు నాటుకొన్న పిమ్మటనే హెచ్.సి.జి. అను పదార్థము తల్లి రక్తమున చేరుట ఆరంభించును. గర్భము నిలిచినదో లేదో తెలుపునది ఆ పదార్థమే. అది కొలుచుటకు తగినంత కావలెనన్న కొన్ని దినములు పట్టును. అందుచేతనే వైద్యులు పిండమును చేర్చిన తొమ్మిదవ దినము మొదలు పదునాలుగవ దినము లోపల ఒక తేదీని నిర్ణయించి, ఆనాడు రక్తపరీక్షకు రమ్మందురు. ఈ గడువును తొందరపెట్టుట ఎవరి చేతిలోను లేదు.

ఆ తేదీకి ముందు ఇంటివద్ద మూత్రపరీక్ష చేసికొనుట వలన మేలుకన్న కీడెక్కువ. అండములు పక్వమగుటకు చివరి సూదిమందుగా హెచ్.సి.జి.నే ఇచ్చియున్నచో, దాని శేషము పది దినములకు పైగా శరీరమున ఉండి, లేని గర్భము ఉన్నట్లు చూపవచ్చును. గర్భము నిలిచియున్నను ముందుగా పరీక్షించినచో లేనట్లు చూపవచ్చును. మొదటి దానివలన వట్టి ఆశయు, రెండవ దానివలన అకాల దుఃఖమును కలుగును. దుఃఖముతో మందులు మానివేసినచో నిలువవలసిన గర్భమునకే హాని కలుగవచ్చును.

శరీర లక్షణములు కూడ నమ్మదగినవి కావు. గర్భాశయపు పొరను నిలుపుటకు ఇచ్చు ప్రొజెస్టిరాన్ మందువలననే రొమ్ముల నొప్పి, కడుపుబ్బరము, అలసట, నిద్రమత్తు కలుగును. కొద్దిగా రక్తపు చుక్క కనబడుట గర్భము నిలిచినవారికిని, నిలువనివారికిని సంభవించును. కావున వాంతి వచ్చినదని సంతోషింపరాదు. ఏ లక్షణమును లేదని దిగులుపడరాదు. వైద్యుడు చెప్పనిదే మందు మానరాదు.

పొరపాటు నమ్మకములు

రేపల్లె ప్రక్క పల్లెలో ఒక ఇల్లాలిని ఊహించుకొందము. చికిత్స కొరకు ఆమె రేపల్లెలో రైలెక్కి తెనాలి మీదుగా గుంటూరు పోయి వచ్చుచున్నది. సాయంకాలము ఇంటికి చేరునప్పటికి అరుగుమీద పెద్దలు కూర్చుండి యుందురు.

"ఏమే అమ్మాయ్, తెల్లవారేసరికి బండెక్కుతున్నావట, విశేషమేమైనా ఉందా?"

"ఏమీ లేదు పిన్నీ."

"లేకపోతే ఈ తిరుగుడు ఎందుకమ్మా? కుదురుగా ఇంట్లో ఉంటేగదా నిలిచేది!"

అడిగినవారికి చెడుతలంపు లేదు. కాని ఆ చివరిమాట ఆమెతోకూడ ఇంటిలోనికి పోవును. రేపు ఫలితము లేదని తెలిసిననాడు ఆమె ఆ రైలు ప్రయాణమునే తలచుకొని తన్ను తాను దోషిగా ఎంచుకొనును. పెద్దలమాట అబద్ధమని ఆమెకు చెప్పువారెవరు?

అది నిజముగనే పొరపాటు. గర్భాశయపు గోడలు ఒకదాని నొకటి అంటియుండును. వాని నడుమ చేర్చిన పిండము నువ్వుగింజలో పదవ వంతుకన్న చిన్నది. తుమ్మినను, దగ్గినను, మెట్లెక్కినను, మూత్రవిసర్జన చేసినను, రైలులో కూర్చుండి ప్రయాణము చేసినను అది జారిపడదు. పిండమును చేర్చిన తరువాత కదలక మంచముపై పడియుండుట వలన గర్భము నిలుచునా అను విషయమును పలు దేశములలో పరిశోధించి చూచిరి. అట్టి పడకవలన మేలు కలుగుట లేదని తేలినది. పైగా కొంత కీడు కలుగవచ్చునని కూడ కనబడినది. నెమ్మదిగా నడచుట, తేలిక యింటిపని, అలవాటైన ఉద్యోగము చేసికొనవచ్చును. అండాశయములు వాచియుండుటచేత బిందెలు, బస్తాలు మోయుట, గట్టి వ్యాయామము కొన్నాళ్ళు మానవలెను. పొగ, మద్యము దగ్గరకు రానీయరాదు. ఇంటిలో పొగత్రాగు మగవారికిని ఇది వర్తించును. వైద్యునికి తెలుపక నాటుమందులుగాని, దుకాణమున కొన్న నొప్పి మాత్రలుగాని వాడరాదు.

గర్భము నిలువకపోవుటకు తరచుగా కనబడు కారణము పిండమునందలి క్రోమోజోముల లోపము. స్త్రీ వయస్సు పెరిగినకొలది అండములలో ఈ లోపము పెరుగును. బాపట్ల వ్యవసాయ కళాశాలకు పోనక్కరలేదు. తడిగోనెలో గింజలు చుట్టి మొలకశాతము చూచిన ప్రతి రైతుకును తెలియును, పైకి బాగుగ కనబడిన గింజలన్నియు మొలవవని. చికిత్సలో ఆరితేరిన బ్రిటను దేశమునందు సైతము, 35 ఏండ్లకు లోపు స్త్రీలకు చేర్చిన పిండములలో సుమారు మూడవ వంతు మాత్రమే శిశువులగుచున్నవి. 43 ఏండ్లు దాటినవారిలో, తమ అండములనే వాడినప్పుడు, నూటికి అయిదు లేక అంతకు తక్కువ. కావున ఫలితము రాకపోవుట వింతయు కాదు, ఎవరి నేరమును కాదు.

మరియొక మాట. సంతానము లేనప్పుడు ఊరు ముందుగా స్త్రీనే చూపును. కాని దాదాపు సగము దంపతులలో పురుషుని వైపు లోపము కూడ కారణమగుచున్నది. శుక్రపరీక్ష చేయింపక, భార్యను మాత్రమే ఆసుపత్రుల చుట్టు త్రిప్పుట అన్యాయము. కాలమును, ధనమును వ్యర్థము చేయుటయు నగును.

పరీక్షనాడును, ఆ తరువాతను

రక్తపరీక్షలో హెచ్.సి.జి. కనబడినచో సాధారణముగా రెండు దినముల తరువాత మరల పరీక్షింతురు. గర్భము సరిగా పెరుగుచున్నచో ఆ సంఖ్య రెండు మూడు దినములలో సుమారు రెట్టింపగును. పిదప ఆరు, ఏడు వారముల గర్భమునకు స్కానింగు చేసి, శిశువు గుండె కొట్టుకొనుటను చూతురు. కావున మొదటి పరీక్షనాడే ఊరంతట మిఠాయి పంచుట తొందరపాటు. ఆ దంపతులు తామై చెప్పువరకు మనము ఊరకుండుటయే మర్యాద.

ఈ క్రింది సూచనలు కనబడినచో మాత్రము తేదీ కొరకు ఎదురుచూడక వెంటనే వైద్యుని చేరవలెను: కడుపు బాగుగా ఉబ్బి నొప్పి పెట్టుట, ఊపిరి ఆడకుండుట, మూత్రము తగ్గిపోవుట, ఒకటి రెండు దినములలోనే బరువు హెచ్చుగా పెరుగుట, జ్వరము, అధిక రక్తస్రావము. పరీక్షలో గర్భమని తేలిన తరువాత పొత్తికడుపులో ఒకవైపు తీవ్రమైన నొప్పి, కండ్లు తిరుగుట కలిగినచో, గర్భము గర్భాశయమునకు వెలుపల నిలిచియుండవచ్చును. అది ప్రాణాపాయము. రాత్రియని ఆలోచింపక 108కి ఫోను చేయవలెను.

ఫలితము లేదని తెలిసిన దినము ఇంటికి కఠినమైన దినము. ఒక్కొక్క ప్రయత్నమునకు లక్షకు పైబడిన వ్యయము సామాన్యము. కొందరు పొలము తాకట్టు పెట్టి, నగలు కుదువపెట్టి వచ్చియుందురు. భర్తయు లోలోపల దుఃఖించును, కాని మగవాడు కావున అతని నెవ్వరును అడుగరు. ఆనాడు "మరల ప్రయత్నింపుడు" అని తొందరపెట్టుటగాని, "దత్తత తీసికొనరాదా?" అని సలహా చెప్పుటగాని వలదు. కొంత విరామము తరువాత వైద్యునితో మాటలాడి, భద్రపరచిన పిండములున్నచో వాడుట, మరల చికిత్స చేయించుకొనుట, మానివేయుట, దత్తత తీసికొనుట అను మార్గములలో తమకు తగినదానిని వారే నిర్ణయించుకొందురు. మనస్సు కుదుటపడనివారు 14416 అను టెలీమానస్ సంఖ్యకు ఫోను చేసి ఉచితముగా తెలుగులో మాటలాడవచ్చును.

చట్టము చెప్పునది

సహాయక పునరుత్పత్తి సాంకేతిక చట్టము 2021లో ఆమోదింపబడి, 2022 జనవరి 25 నుండి అమలులోనికి వచ్చినది. దీని ననుసరించి ఈ చికిత్స చేయు ప్రతి కేంద్రమును రిజిస్టరు కావలెను. దంపతుల వ్రాతపూర్వక సమ్మతి లేనిదే చికిత్స చేయరాదు. స్త్రీకి 21 ఏండ్లు నిండి 50 లోపును, పురుషునికి 21 నిండి 55 లోపును ఉండవలెను. 2019 సెప్టెంబరు 5న మన గుంటూరులోనే, 74 ఏండ్లదని వైద్యులు తెలిపిన ఒక వృద్ధురాలు ఈ చికిత్సవలన కవల ఆడుబిడ్డలను కన్న వార్త ప్రపంచమంతట ప్రాకినది. నేటి చట్టము ప్రకారము అట్టి చికిత్సకు అవకాశము లేదు. కావున ఆ వార్తను చూపి "ఎప్పటికైన కావచ్చును" అని ఎవరైన ఆశపెట్టినచో నమ్మరాదు. పిండమునందు ఆడ, మగ ఎంపిక చేయుట నేరము. చికిత్సా కేంద్రములో ఫిర్యాదుల విభాగముండవలెనని కూడ చట్టము విధించినది. తప్పక ఫలితమిత్తుమని వాగ్దానము చేయు దళారీల మాటలకు లోబడవలదని గ్రామస్థులకు చెప్పుట మన విధి.

పంచాయతీ చేయదగిన పనులు

మొదటిది, ప్రశ్నలు మానుట. "విశేషమా?" అని అడుగకుండుట ఖర్చులేని సహాయము. ఆశా కార్యకర్తకు, ఏ.ఎన్.ఎం.కు తెలిసిన విషయము అరుగులమీదికి రాకుండ చూడవలెను.

రెండవది, పేరంటములు, సీమంతములు, నోములు. సంతానము లేదని ఒక ఇల్లాలిని పిలువకుండుట, ఎదురు వచ్చినదని ముఖము త్రిప్పుకొనుట, కానిమాటతో పేర్కొనుట వంటివానిని సభ్యులు తమ ఇండ్లనుండియే తొలగింపవలెను. పంచాయతీలోని స్త్రీ సభ్యులు ఇందులకు ముందడుగు వేయగలరు.

మూడవది, గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార సంఘము సమావేశములలో సంవత్సరమునకు ఒక పర్యాయమైన సంతానలేమిని గురించి ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునిచేత మాట్లాడింపవలెను. మగవారిని కూడ కూర్చుండబెట్టవలెను.

నాల్గవది, చికిత్సలో నున్న దంపతులకు పని, ప్రయాణము విషయమున వెసులుబాటు కల్పించుట. బిందెతో నీరు మోయు ఇంటికి కొన్నాళ్ళు ప్రక్కింటివారు సాయపడుట పెద్ద పని కాదు. కారణము అడుగకయే చేయవచ్చును.

మేము పైన చెప్పిన ఇల్లాలు రేపును ఆ రైలు దిగి, ఆ అరుగు ముందునుండియే ఇంటికి పోవలెను. ఆమెకు ఫలితము ఎట్లు వచ్చునో మనము చెప్పలేము, వైద్యుడును చెప్పలేడు. కాని అరుగుమీద ఆమెకు వినబడు మాట ఏదియో అది మన చేతిలోనిది. "వచ్చావా తల్లీ, అలిసిపోయావు, కాసిని మంచినీళ్ళు తాగి వెళ్ళు" అనిన చాలును.

చర్చకు ప్రశ్నలు

1. వైద్యుడు చెప్పిన తేదీకి ముందు పరీక్ష చేసికొనుటవలన కలుగు నష్టము లేవి?
2. మంచముపై కదలక పడియుండిన గర్భము నిలుచునను నమ్మకము ఎందుచేత సరికాదు?
3. ఏ సూచనలు కనబడినప్పుడు వెంటనే వైద్యుని చేరవలెను?
4. మన ఊరిలో సంతానము లేని స్త్రీని పేరంటములకు పిలుచుచున్నారా? లేనిచో మార్పును మొదట ఎవరి ఇంట ఆరంభింతము?